నంబరెక్కడుంది మేడమ్?

మాదాపూర్‌లో అద్దాల బిల్డింగు. లోపల వరసగా బల్లలు, బల్లకో కంప్యూటరు, కంప్యూటరుకో హెడ్‌సెట్. వాటి ముందు కూర్చుని రోజంతా ఎవరో ఒకరి పేరు చెప్పి ఫోనెత్తడం మా పని. జీతమిచ్చే కంపెనీ ఒకటి, మేము నోటితో చెప్పే కంపెనీ ఇంకొకటి. మొదట్లో నేను ఒక ఆసియా విమాన సంస్థ డెస్కులో ఉండేదాన్ని. ఇప్పుడు టీవీలు, ఫ్రిజ్‌లు, ఏసీలు అమ్మే ఒక ఆసియా కంపెనీ తెలుగు డెస్కులో ఉన్నాను. రెండింటి పేర్లూ బయట చెప్పకూడదని చేరినరోజే సంతకం పెట్టించుకున్నారు. కాబట్టి చెప్పను.

డెస్కు మారినా కాల్ మొదలయ్యే తీరు మారలేదు. అవతలివాళ్ళు ముందు సమస్య చెప్పరు. “అమ్మయ్య, దొరికారు! ఈ నంబరు పట్టుకోవడానికి గంట పట్టింది తెలుసా?” అంటారు. ఆ తర్వాతే టికెట్టో టీవీయో. కొందరు మామూలుగా చెబుతారు, కొందరు ఆ గంట కోపమంతా మా మీదే తీర్చుకుంటారు. నేను వాళ్ళని తప్పుపట్టను. వెబ్‌సైటు అడుగున చిన్న అక్షరాల్లో ‘కాంటాక్ట్ అజ్’ అని ఉంటుంది. అది నొక్కితే ప్రశ్నల చిట్టా, చిట్టా దాటితే చాట్‌బాట్, చాట్‌బాట్‌ని నాలుగుసార్లు విసిగిస్తే గానీ నంబరు కనపడదు. పిల్లలకి అందకుండా అరిసెల డబ్బా అటకెక్కించినట్టు నంబరుని పైన పెట్టేస్తారు. కారణం పెద్ద రహస్యమేం కాదు. మనిషి ఎత్తే ప్రతి కాల్‌కీ కంపెనీ మా ఆఫీసుకి డబ్బు కట్టాలి. చాట్‌బాట్‌కి అంత అవదు. క్లయింటు మీటింగుల్లో ‘కాల్స్ తగ్గించడం’ అనేది ఎప్పుడూ ఉండే అంశమే. సమస్యలు తగ్గించడం గురించి అంత తరచుగా విన్న గుర్తులేదు.

కాగితం టికెట్ల కాలంలో ఈ తిప్పలు తక్కువ. నాకు పని నేర్పిన సీనియర్ అప్పట్లో ట్రావెల్ ఏజెన్సీలో పనిచేసి వచ్చాడు. టికెట్ పెట్టుకోవడానికిచ్చే కవరు వెనకే చాలా సంస్థలు ఊరూరి ఆఫీసుల ఫోన్ నంబర్లు అచ్చేసేవట. 2008 జూన్ 1 నుంచి ప్రపంచమంతా ఈ-టికెట్‌కి మారిపోయింది. టికెట్ మెయిల్లోకి వెళ్ళింది, కవరు పోయింది, దాని వెనక నంబర్లూ పోయాయి.

విమానాల డెస్కులో మొదట అడిగేది పీఎన్‌ఆర్. అక్షరాలు, అంకెలు కలిసి ఆరు ఉంటాయి. ఫోనులో బీ, డీ, పీ, టీ, వీ అన్నీ ఒకలాగే వినపడతాయి కాబట్టి ట్రైనింగులో ఆల్ఫా, బ్రావో, చార్లీ అని బట్టీ పట్టించారు. మేము బట్టీ పట్టాం సరే, అవతలివాళ్ళు పట్టలేదుగా. ఫ్లోరు మీద సొంత జాబితా తయారైంది: కె ఫర్ కడప, ఆర్ ఫర్ రాయచోటి, ఎన్ ఫర్ నిజామాబాద్. కువైట్ నుంచి మాట్లాడే డ్రైవర్లకు, ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళకు ‘బ్రావో’ కంటే ‘బద్వేలు’ త్వరగా అందుతుంది. ఒకాయన “వి ఫర్ ఇజయవాడ” అన్నాడు. నాకు ఐ అని రాయాలో వీ అని రాయాలో తేలక మళ్ళీ అడిగాను. “ఇజయవాడమ్మా, కనకదుర్గమ్మ గుడి ఉండ్లే, ఆ ఊరు” అని వివరంగా చెప్పాడు. అక్షరం కాదు, ఊరే చెబుతున్నాడు పాపం.

అసలు చిక్కంతా పేర్లతో. విమానాల సిస్టంలో ఇంటిపేరుకి ఒక గడి, పేరుకి ఒక గడి. మనవాళ్ళ పాస్‌పోర్టులు ఆ గడులకు లొంగవు. కొందరికి ఇంటిపేరు గడి ఖాళీ, మొత్తం పేరంతా రెండో గడిలో. కొందరికి ఇంటిపేరు ఒక్క అక్షరం. కొందరిది పొడవు చాలక బోర్డింగ్ పాస్ మీద సగంలో తెగిపోతుంది. లక్ష్మమ్మ అనే ఒంటి పేరు మీద పాస్‌పోర్టున్న మనిషికి టికెట్ కొట్టాలంటే ఒక సంస్థ అదే పేరు రెండుసార్లు రాయమంటుంది, ఇంకొకటి పేరు లేనిచోట ఎఫ్‌ఎన్‌యూ, అంటే ‘ఫస్ట్ నేమ్ అన్‌నోన్’, అని పెట్టమంటుంది. నేను ఆ డెస్కు వదిలేశాక, 2022 నవంబరులో, ఒంటి పేరు పాస్‌పోర్టు మీద విజిట్ వీసాతో వచ్చేవాళ్ళను రానివ్వబోమని యూఏఈ ప్రకటించింది. పాస్‌పోర్టు రెండో పేజీలో తండ్రి పేరో ఇంటిపేరో ఉంటే చాలని తర్వాత సడలించారు. ఈ రెండింటి మధ్య రోజుల్లో నా పాత స్నేహితులు తలలు పట్టుకుని కూర్చున్నారని విన్నాను. ఫోన్ చేసినవాళ్ళు అడిగిన ప్రశ్న ఒకటే: మా అమ్మానాన్నా పెట్టిన పేరుకి మీరు అనుమతివ్వడమేంటి? దానికి స్క్రిప్టులో జవాబు లేదు.

ఎవరికి ఫోన్ చేయాలన్నది తెలియకపోవడం నంబరు దొరక్కపోవడం కంటే పెద్ద కష్టం. టికెట్ కొన్నది ఒకరి దగ్గర, ఇచ్చింది ఒక సంస్థ, ఎక్కేది ఇంకో సంస్థ విమానం. కోడ్‌షేర్ అంటారు. జనం ఎక్కాల్సిన విమానం మీద పేరు చూసి ఆ సంస్థకి ఫోన్ చేస్తారు. వాళ్ళు “మీ టికెట్ మాది కాదు” అంటారు. నిజమే అంటారు. నేను చుట్టాలందరికీ చెప్పే చిట్కా ఇది. ఈ-టికెట్ మీద పీఎన్‌ఆర్ కాకుండా 13 అంకెల టికెట్ నంబరు ఉంటుంది. మొదటి మూడంకెలూ ఆ టికెట్ ఎవరి చేతిదో చెప్పేస్తాయి. 098 ఉంటే ఎయిర్ ఇండియా, 176 ఎమిరేట్స్, 157 ఖతార్ ఎయిర్‌వేస్, 618 సింగపూర్ ఎయిర్‌లైన్స్, 160 కాథే పసిఫిక్, 131 జపాన్ ఎయిర్‌లైన్స్, 180 కొరియన్ ఎయిర్. తేదీ మార్చాలన్నా, డబ్బు వెనక్కి కావాలన్నా ఆ సంస్థనే అడగాలి. ఏజెంటు దగ్గర కొంటే ముందు ఏజెంటునే అడగాలి. ప్రయాణం రోజున విమానం ఆలస్యమైతే మాత్రం నడిపే సంస్థ కౌంటరే దిక్కు. బ్యాగు ట్యాగు మీద పదంకెల్లో కూడా ఆ మూడంకెల కోడు దాక్కుని ఉంటుంది, రెండో అంకె నుంచి నాలుగో అంకె దాకా.

బ్యాగు రాకపోతే ఫోనుతో పనిలేదు. ఎయిర్‌పోర్టు దాటకముందే అక్కడి కౌంటర్లో పీఐఆర్ అనే ఫిర్యాదు కాగితం రాయించుకోవాలి. దాని మీద పదక్షరాల నంబరిస్తారు. శంషాబాద్‌లో రాయిస్తే అది హెచ్‌వైడీతో మొదలవుతుంది. ఇంటికి వెళ్ళి పడుకుని లేచి మర్నాడు మాకు ఫోన్ చేసి “బ్యాగు రాలేదు” అనేవాళ్ళకి మేము చేయగలిగింది చాలా తక్కువ. మాంట్రియల్ ఒప్పందం ప్రకారం బ్యాగు దెబ్బతింటే చేతికొచ్చిన 7 రోజుల్లో, ఆలస్యమైతే చేతికిచ్చిన నాటి నుంచి 21 రోజుల్లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. ఫోన్‌లో ఎంతసేపు అరిచినా అది రాతపూర్వకం కిందికి రాదు. ఈ ముక్క కాల్ మొదట్లోనే చెప్పేస్తే వాళ్ళకీ నాకూ గొంతు నొప్పి తగ్గుతుంది.

టోల్‌ఫ్రీ అన్న మాట కూడా కొంపలు ముంచుతుంది. మన 1800 నంబరు మన దేశంలోనే పలుకుతుంది, 1860 అయితే ఉచితం కూడా కాదు. జపాన్‌వాళ్ళకి 0120 నంబర్లుంటాయి, వాటిలో చాలావరకు జపాన్ దాటితే మోగవు. జగిత్యాలలో భార్య 1800 నంబరు వెతికి దుబాయ్‌లో మొగుడికి వాట్సాప్ చేస్తుంది. అతను అక్కడి నుంచి పదే పదే కొడతాడు, మోగదు. కంపెనీ మోసం అనుకుంటాడు. బయటి దేశం నుంచి చేసేవాళ్ళకి దేశం కోడుతో మొదలయ్యే మామూలు నంబరో, ఆ దేశంలోని ఆఫీసు నంబరో కావాలి. అది కూడా సైట్లో ఉంటుంది. అటక మీదే.

కరోనా సంగతి ఎక్కువ రాయబుద్ధి కాదు. 2020 మార్చి చివరి వారంలో అంతర్జాతీయ విమానాలు ఆగాయి. మాకు కంప్యూటర్లు ఇళ్ళకి పంపారు. నా వెనక అమ్మ కుక్కర్ విజిల్ వేస్తుంటే, ఇవతల నేను “మీ ఇబ్బందిని అర్థం చేసుకోగలను సార్” అని చదివేదాన్ని. అందరిదీ ఒకే ప్రశ్న: నా డబ్బులెప్పుడొస్తాయి? సంస్థ చెప్పమన్న జవాబు క్రెడిట్ షెల్. అంటే డబ్బు ఇవ్వం, మా దగ్గరే ఉంచుతాం, మళ్ళీ ఎప్పుడైనా ఎక్కండి అని. ఉద్యోగం పోయి సామాను సర్దుకుని వచ్చేసినవాడు మళ్ళీ ఎప్పుడెక్కుతాడు? ఆ అక్టోబరు 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. లాక్‌డౌన్ రోజుల్లో కొన్న టికెట్లకి పూర్తి డబ్బు తిరిగివ్వాలని, డబ్బు లేని సంస్థలు మాత్రం మిగతా టికెట్లకి 2021 మార్చి 31 దాకా క్రెడిట్ ఇవ్వొచ్చని. స్క్రిప్టు ఆ వారమే మారింది. కిందటి వారం ‘వీలుకాదు’ అని చెప్పిన నోటితోనే ‘వీలవుతుంది’ అని చెప్పడం ఆ ఏడాది నాకు నచ్చిన ఏకైక పని.

తర్వాత ఎలక్ట్రానిక్స్ డెస్కుకి మారాను. ఇక్కడ పీఎన్‌ఆర్ స్థానంలో మోడల్ నంబరు, సీరియల్ నంబరు. విమానాల్లో జనం ఏడుస్తారు, ఇక్కడ తిడతారు. వేసవిలో ఏసీలు, దసరా దీపావళికి కొత్త వస్తువుల ఇన్‌స్టలేషన్, క్రికెట్ ఫైనల్ రోజు సాయంత్రం టీవీలు. “బొమ్మ రావట్లేదు, మాట వస్తోంది” అంటే ఒక రకం రిపేరు, “గీతలొచ్చాయి” అంటే ఇంకో రకం, అది సాధారణంగా ఖరీదైన రకం. ముందు మేము చెప్పేది, ప్లగ్గు పూర్తిగా పీకి కాసేపాగి మళ్ళీ పెట్టమని. ఇంజినీరింగ్ చదివిన కుర్రాళ్ళు దాన్ని అవమానంగా తీసుకుంటారు. పెట్టి చూడండి బాబూ, చాలాసార్లు పని చేస్తుంది.

స్టిక్కరు వెతికించడం ఈ ఉద్యోగంలో సగం. ఫ్రిజ్‌కి లోపల పక్క గోడ మీదుంటుంది, వాషింగ్ మెషీన్‌కి తలుపు దగ్గరో వెనకో, ఏసీకి లోపలి యూనిట్ పక్కన. ఫోనయితే స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ నొక్కితే 15 అంకెల ఐఎంఈఐ వస్తుంది. మొదటి ఎనిమిదంకెలూ ఏ మోడలో చెబుతాయి. గోడకి బిగించిన టీవీలే నరకం. స్టిక్కరు వెనక, వెనక గోడ. మొగుడు తలకాయ దూర్చబోవడం, పెళ్ళాం టార్చి పట్టడం, “సున్నానా, ఓ నా?” అని ఇద్దరూ నాతోపాటు వాదులాడుకోవడం రోజూ ఉండేదే. నేను ఫోను కెమెరాని ఆ సందులోకి పోనిచ్చి ఫొటో కొట్టమంటాను. ఫొటోని పెద్దది చేసి తీరిగ్గా చదువుకోవచ్చు. ఈ సలహా స్క్రిప్టులో లేదు, పక్క సీటమ్మాయి కనిపెట్టింది.

ఆరు నిమిషాల్లో కాల్ ముగించాలి. ఏహెచ్‌టీ అంటాం, సగటున ఒక్కో కాల్‌కి పట్టే సమయం. మెట్‌పల్లి దగ్గరి ఊరి నుంచి ఒక పెద్దావిడ చేసింది. దుబాయ్‌లో ఉన్న కొడుకు ఆన్‌లైన్‌లో ఫ్రిజ్ కొని ఇంటికి పంపాడు. నేను నియమం ప్రకారం “నమస్తే మేడమ్, మీకు నేను ఏ విధంగా సహాయపడగలను?” అన్నాను.

“మేడమ్ ఎవలు బిడ్డా? నేనే మాట్లాడుతున్న. ఫ్రిజ్జు సల్లగయితలేదు.”

“మోడల్ నంబరు చెప్తారా మేడమ్?”

“నాకు సదువు రాదు బిడ్డా. పక్కింటి పోరడు బడి నుంచి వచ్చేయాల్లయింది, జరాగు.”

ఫోను ఫ్రిజ్ మీద పెట్టి వెళ్ళింది. సీరియల్ డైలాగులు, ఎవరో గిన్నెలు తోమడం, కోడి అరవడం అన్నీ వినపడ్డాయి. తెర మీద నా గడియారం ఎర్రగా మారింది. హోల్డ్‌లో పెట్టింది తనే కాబట్టి నేనేం చేయగలను? పోరగాడొచ్చి అక్షరం అక్షరం చక్కగా చదివాడు. అడ్రసు దగ్గర ఇంకో చిక్కు. మా సిస్టంలో జిల్లాల జాబితా ఉంటుంది, అందులోంచి ఎంచుకోవాలి. 2016 దసరా నాడు తెలంగాణలో పది జిల్లాలు ముప్ఫయ్యొకటి అయ్యాయి, తర్వాత ముప్ఫై మూడు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్లో పదమూడు ఇరవయ్యారు అయ్యాయి. ఎక్కడో ఉత్తరాదిన కూర్చుని సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ళకి ఆ కబురు అందలేదు. ఆవిడ జగిత్యాల జిల్లా అంటుంది, నా తెర కరీంనగర్ అంటుంది. “మాది కరీంనగర్ గాదు బిడ్డా, ఎప్పుడో మారింది” అని ఆవిడ నాకు పాఠం చెప్పింది. చివరికి మమ్మల్ని ఆదుకునేది పిన్‌కోడే. ఆరంకెలు కొడితే దగ్గరి సర్వీస్ సెంటర్ వచ్చేస్తుంది. ల్యాండ్‌మార్క్ గడిలో ‘హనుమాండ్ల గుడి ఎనుక’ అని ఆవిడ చెప్పింది చెప్పినట్టే రాశాను. టెక్నీషియన్‌కి అదే చాలు.

ఒక్కోసారి నా పాత డెస్కు కాల్స్ ఇక్కడికే వస్తాయి. “మేడమ్, పవర్‌బ్యాంకు విమానంలో తీసుకెళ్ళనిస్తారా?” చెక్-ఇన్ బ్యాగులో పెట్టకూడదు, చేతి సంచిలోనే. 100 వాట్-అవర్ దాకా పర్లేదు, 100 నుంచి 160 దాకా సంస్థ అనుమతి కావాలి, అది దాటితే అసలు కుదరదు. జనానికి తెలిసింది ఎంఏహెచ్. 10,000 అంటే సుమారు 37 వాట్-అవర్, 20,000 అంటే 74. వెనక చీమ తలకాయంత అక్షరాల్లో రాసే ఉంటుంది, అది చెరిగిపోతే చెకింగులో పక్కన పెట్టేస్తారు. 2025 జనవరి 28న దక్షిణ కొరియా బుసాన్‌లో ఎయిర్ బుసాన్ విమానం నేల మీదుండగానే తగలబడింది. పవర్‌బ్యాంకు కారణం కావచ్చని దర్యాప్తువాళ్ళు చెప్పారు. దాని తర్వాత కొరియా సంస్థలు పవర్‌బ్యాంకుని తల మీది అరలో పెట్టొద్దన్నాయి. ఏప్రిల్ 1 నుంచి సింగపూర్ ఎయిర్‌లైన్స్, అక్టోబరు 1 నుంచి ఎమిరేట్స్ విమానంలో వాడనే వద్దన్నాయి. ఈ ప్రశ్న అడిగేవాళ్ళకి విమాన సంస్థ నంబరూ దొరకదు, పవర్‌బ్యాంకు కంపెనీ నంబరూ దొరకదు. పోయినేడాది టీవీ రిపేరుకి సేవ్ చేసుకున్న మా నంబరుంటే దానికే కొడతారు. మా లెక్కలో అది ‘సంబంధం లేని కాల్’.

నంబరు దొరక్క ఇలా మాకు ఫోన్ చేస్తే నష్టం లేదు. ఇంకెవరికో చేస్తేనే నష్టం. ఫలానా కంపెనీ కస్టమర్ కేర్ అని ఫోనులో వెతుకుతారు. పైన వచ్చే నంబరు కంపెనీది కాకపోవచ్చు. మ్యాపుల్లో దొంగ సర్వీస్ సెంటర్లుంటాయి. ఎత్తినవాడు మాకంటే మర్యాదగా మాట్లాడతాడు, ఒక్క రింగుకే ఎత్తుతాడు, తొమ్మిది నొక్కమనడు, సంగీతం వినిపించడు. కంప్లయింట్ రిజిస్టర్ కావడానికి పది రూపాయలంటాడు, లింకు పంపుతాడు, తెర పంచుకునే యాప్ ఎక్కించుకోమంటాడు. ఇలాంటి యాప్‌ల గురించి రిజర్వ్ బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది. ఖాతా ఖాళీ అయ్యాక అసలు నంబరు వెతికి మాకు చేసి, “నిన్న మీతోనే మాట్లాడాను, డబ్బులు పోయాయి” అంటారు. వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చేయమని చెబుతాను. గంటలోపు చేస్తే డబ్బు మధ్యలో ఆపగలిగే అవకాశం ఉంటుంది. మాకు చేసి నన్ను తిడుతూ గడిపే ఆ పావుగంట కూడా అక్కడ విలువైనదే.

జాగ్రత్తగా ఉండండి అని కంపెనీలన్నీ ప్రకటనలిస్తాయి. జాగ్రత్త మంచిదే. కానీ అసలు నంబరుని మూడు మెట్లు దిగి వెతకాల్సిన చోట పెట్టి, దొంగ నంబరు మొదటి మెట్టు మీదే కూర్చుంటే జనం దేనిమీద కాలేస్తారు? నా మటుకు నాకు దొంగల తర్వాత తప్పు మాలాంటి డెస్కుల ఖర్చు లెక్కలేసేవాళ్ళదే. చమత్కారమేంటంటే నంబరు ఇంట్లోనే ఉంటుంది. 2011 నాటి ప్యాకేజీ సరుకుల నిబంధనల ప్రకారం ఫిర్యాదు చేయాల్సిన చోటి పేరు, చిరునామా, ఫోన్ నంబరు, ఈమెయిల్ పెట్టె మీద ఉండాల్సిందే. ఆన్‌లైన్‌లో కొంటే 2020 నిబంధనల ప్రకారం అమ్మే సైటుకి గ్రీవెన్స్ ఆఫీసరుండాలి, ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి. ఎవరూ పలక్కపోతే 1915 ఉంది, వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనూ మాట్లాడతారు. పెట్టెని మాత్రం జనం టీవీ వచ్చిన మర్నాడే పాత సామాన్లవాడికి వేసేస్తారు. అది వేరే సంగతి.

ఈమధ్య తెలివైనవాళ్ళు మమ్మల్నే పరీక్షిస్తున్నారు. పోయిన నెల అనంతపురం నుంచి ఒక రిటైర్డు మాస్టారు చేశారు. నేను పేరు చెప్పగానే ఆపేశారు.

“ఇంగ చాలు గానీ తల్లీ, నువ్వు నిజంగా కంపెనీ దానివేనని నాకెట్ల తెలుస్తుంది?”

మంచి ప్రశ్న. స్క్రిప్టంతా వెతికినా దానికి జవాబు లేదు. మేము వాళ్ళ ఫోన్ నంబరు, పేరు, అడ్రసు అడిగి వాళ్ళు వాళ్ళేనని తేల్చుకుంటాం. మేము మేమేనని తేల్చే పద్ధతి ఒక్కటీ లేదు. దొంగలు కూడా ఇదే వాక్యం ఇదే మర్యాదతో చదువుతారు.

“నన్ను నమ్మొద్దు సార్. పెట్టేసి, మీ పెట్టె మీదో వారంటీ కార్డు మీదో ఉన్న నంబరు చూసి మీరే మళ్ళీ చేయండి. ఇదే నంబరయితే మళ్ళీ మా దగ్గరికే వస్తుంది.”

“అట్లనే” అని పెట్టేశారు.

ఆ వారం క్వాలిటీవాళ్ళు సరిగ్గా ఆ కాల్‌నే తీసి విన్నారు. కస్టమర్‌ని కాల్ కట్ చేయమనడం మా దగ్గర క్షమించరాని తప్పు, మొత్తం కాల్‌కే సున్నా వస్తుంది. సున్నా వచ్చింది. నేను ఒప్పుకోలేదు, అప్పీలు పెట్టాను. క్వాలిటీ అబ్బాయి మంచివాడే, నాతో ఏకీభవించాడు కూడా. కాకపోతే ఇలాంటి మాట స్క్రిప్టులో చేర్చాలంటే క్లయింటు ఒప్పుకోవాలి, మెయిల్ పెట్టామన్నాడు. జవాబు ఇంకా రాలేదు. మాస్టారు మాత్రం ఆరోజే మళ్ళీ చేశారట, వేరే సీటుకి వెళ్ళింది, కంప్లయింట్ రాశారు, టెక్నీషియన్ వెళ్ళి టీవీ ప్యానెల్ మార్చి వచ్చాడు. వారంటీలోనే ఉంది.